పిల్లలన్నాక మామూలే

ఒక పిల్లవాణ్ణి ఇంకో పిల్లవాడు రోజూ బాధపెడుతుంటే తెలుగులో దానికి మనం వాడే మాట "ఏడిపించడం". మనవరాలి చేతిలో బిస్కెట్ లాక్కుని తాతయ్య నవ్వినా ఏడిపించడమే. సినిమాలో హీరో కాలేజీ అమ్మాయి వెంటపడినా ఏడిపించడమే. ముద్దూ వేధింపూ ఒకే క్రియలో సర్దుకుపోయాయి. మా నస్పూర్ వైపు "చిడాయించుడు", "సతాయించుడు" అంటారు. ఈ రెండోదాంట్లో ఇంకో చిక్కుంది. పనిలో ఉన్న తల్లి కొంగు పట్టుకుని లాగే పిల్లవాణ్ణి "సతాయించకు బిడ్డా" అంటారు. అంటే ఆ మాట పెద్దల నోట వచ్చినప్పుడు తప్పు చేసేది సాధారణంగా ఫిర్యాదు చేసే పిల్లవాడే!

బుల్లీయింగ్ అనే మాట హైదరాబాద్‌లో పెద్ద ఫీజుల స్కూళ్ళ సర్క్యులర్లలో కనిపిస్తోంది. కౌన్సెలర్లు, వర్క్‌షాపులు, గోడల మీద పోస్టర్లు కూడా ఉంటున్నాయి. అక్కణ్ణించి రెండు వందల కిలోమీటర్లు దాటి వస్తే ఆ మాట లేదు. ఒక తల్లి బడికి వెళ్ళి చెప్పుకుంటే వచ్చే జవాబు ఒకటే: "పిల్లలన్నాక మామూలే కదమ్మా." ఈ వ్యాసం ఆ జవాబు గురించే. అది ఎక్కణ్ణించి వచ్చింది, దాన్ని ఒప్పుకోని తల్లిదండ్రులు ఇక్కడా, బయటా ఏం చేశారు అన్నది చూద్దామని.

అన్‌ఫిట్

నస్పూర్ తెలియనివాళ్ళకి రెండు మాటలు. మంచిర్యాలకి ఆనుకుని, గోదావరికి ఉత్తరాన, సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా గనుల మధ్య ఉన్న ఊరు. ఊళ్ళో సీసీసీ అని ఒక చోటుంది. అది కోల్ కెమికల్ కాంప్లెక్స్ అనే ఫ్యాక్టరీ పేరు. అదే బస్టాపు పేరూ, కాలనీ పేరూ అయిపోయింది. గనులకేమో ఆర్కే-5, ఆర్కే-7 అని నంబర్లు. 2016లో మంచిర్యాల జిల్లా అయ్యాక కలెక్టరేట్ కూడా నస్పూర్‌కే వచ్చింది. నేను పుట్టి పెరిగింది అక్కడి క్వార్టర్లలో. మా అక్క ఇప్పటికీ అక్కడే ఉంటుంది.

పోయిన ఏడాది అక్క ఫోన్ చేసి, "చిన్నోడు బడికి పోనంటుండే. సోమవారమైతే చాలు కడుపునొప్పి. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండది" అంది. వాడు ఏడో తరగతి. సంగతి బయటికి రావడానికి నెల పట్టింది. మా బావ గనిలో నడుం దెబ్బతిని, చాలా రోజులు ఆస్పత్రుల చుట్టూ తిరిగాక, మెడికల్ బోర్డు ఆయన్ని అన్‌ఫిట్ చేసింది. ఆ ఉద్యోగం పెద్ద కొడుక్కి వచ్చింది. క్లాసులో నలుగురైదుగురు పిల్లలు చిన్నోడికి "అన్‌ఫిట్" అని పేరు పెట్టారు. హాజరు పిలిచేటప్పుడు వెనక నుంచి అదే మాట. కబడ్డీలో జట్లు పంచుకునేటప్పుడు అదే మాట. పుస్తకాల అట్టల మీద పెన్నుతో అదే మాట. వాడితో మాట్లాడిన ఇంకో పిల్లవాడిక్కూడా ఆ పేరు అంటిస్తామని బెదిరించేసరికి వాడి పక్కన కూచునేవాళ్ళు లేకుండా పోయారు.

ఈ మాటలోని పోటు బయటివాళ్ళకి అంత తొందరగా అర్థం కాదు. సింగరేణిలో ఉద్యోగమంటే ఇంటి ఆస్తి లాంటిది. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చిల్లర. తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చే దారి కొన్నేళ్ళు మూతపడి, 2018లో కారుణ్య నియామకాల పేరుతో మళ్ళీ తెరుచుకుంది. తండ్రి మెడికల్‌గా అన్‌ఫిట్ అయితే పిల్లలకి ఉద్యోగం. కాబట్టి ఆ ఇంట్లో "అన్‌ఫిట్" అనే మాట ఒక చెవికి శుభవార్త, ఇంకో చెవికి ఒక మనిషి ఒళ్ళు పనికిరాకుండా పోయిందన్న తీర్పు. పెద్దవాళ్ళే ఆ రెంటినీ కలిపి మింగలేక సతమతమవుతుంటారు. పన్నెండేళ్ళవాడికి దాన్నే పేరుగా తగిలించారు.

అక్క బడికి వెళ్ళింది. ఏ బడి అన్నది ఇక్కడ అనవసరం. అక్కడి సారు మర్యాదగానే మాట్లాడారట. "పిల్లలన్నాక మామూలే కదమ్మా. మీవోడే కొంచెం గట్టిగుండాలె" అన్నారట. తిరిగొచ్చి అక్క నన్నడిగిన ప్రశ్న ఇది: "కొట్లాట అయితే కొట్లాట అని చెప్తా. ఇది కొట్లాట కాదు. దీన్ని ఏమని చెప్పాలె?"

బొగ్గుబావుల ఊళ్ళో పేర్లు

1889లో ఇల్లందు దగ్గర మొదలైన తవ్వకం గోదావరి లోయ పొడవునా పైకి పాకుతూ వచ్చింది. గని తెరిచిన చోటికల్లా కొత్త మనుషులొచ్చారు. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి. ఊళ్ళో అయితే ఎవరు ఎవరి మనవడో అందరికీ తెలుసు. కాలనీలో తెలియదు. అందుకని ఇక్కడ మనిషిని గుర్తుపట్టే ఆనవాలు తండ్రి పని. కోల్ ఫిల్లర్ కొడుకు, టింబర్‌మన్ కొడుకు, ఓవర్‌మన్ బిడ్డ, బదిలీ వర్కర్ కొడుకు. క్వార్టర్ చూస్తే హోదా తెలిసిపోతుంది. ఆఫీసర్ల బంగ్లాలు ఒకవైపు, కార్మికుల వరస ఇళ్ళు ఒకవైపు. బడి మాత్రం చాలాచోట్ల అందరికీ కలిపి ఒకటే ఉండేది. అది మంచి విషయమే. కానీ పెద్దవాళ్ళ ప్రపంచంలోని మెట్లన్నీ పిల్లల నోట్లో పేర్లుగా మారే చోటు కూడా అదే. కోస్తా నుంచి వచ్చిన పిల్లవాడి యాసని ఇక్కడివాళ్ళు వెక్కిరించేవారు. పుస్తకాల భాషా సినిమాల భాషా మాది కాకపోవడంతో వాళ్ళు మమ్మల్ని తిరిగి వెక్కిరించేవారు. హిందీ మాట్లాడే ఇళ్ళ పిల్లల్ని ఇద్దరం కలిసి వెక్కిరించేవాళ్ళం.

మరి తల్లిదండ్రులు ఏం చేసేవారు? ఇక్కడ గని పద్ధతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మూడు షిఫ్టులు. నైట్ షిఫ్టు చేసొచ్చిన తండ్రి బడి నడిచే వేళకి నిద్రలో ఉంటాడు. మొదటి షిఫ్టులో ఉన్నవాడు బడి వేళకి భూమి కింద ఉంటాడు. బడికి వెళ్ళడానికి సెలవు పెడితే ఒక మస్టర్ పోతుంది. బదిలీ వర్కర్‌కి ఒక్కో మస్టరూ పర్మనెంట్ వైపు వేసే అడుగు. అందువల్ల బడిలో చెప్పుకునే పని తల్లి మీద పడుతుంది. చదువుకోని తల్లి, చీర సర్దుకుని, స్టాఫ్‌రూం గడప బయట నిలబడి, నిలబడే మాట్లాడేది. ఆమెకి "మామూలే కదమ్మా" అని జవాబివ్వడం చాలా సులువు.

మూడు పాత దారులు

తెలుగు నేల మీద ఈ బాధ కొత్తదేమీ కాదు. బడిలో తోటివాళ్ళ చేతుల్లో అవమానపడ్డ పిల్లలు, వాళ్ళ కోసం పెద్దలు వెతికిన దారులు మన చరిత్రలో ఉన్నాయి. నాకు ముఖ్యంగా మూడు కనిపిస్తాయి.

మొదటిది తిరగబడటం. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. తల్లిదండ్రులు వేర్వేరు కులాలవాళ్ళు. బడిలో చేరాక ఉపాధ్యాయుల నుంచీ తోటి పిల్లల నుంచీ అవమానాలు మొదలయ్యాయి. కులం పేరు పెట్టి హేళన చేసిన పిల్లల మీద జాషువా తిరగబడి కొట్టేవాడని ఆయన జీవితం గురించి రాసినవాళ్ళు చెప్తారు. ఆ కోపం తర్వాత పద్యమైంది కాబట్టి మనం దాన్ని మెచ్చుకుంటూ చదువుకుంటాం. కానీ తిరగబడ్డ ప్రతి పిల్లవాడూ జాషువా కాడు. చాలామంది పేరు రిజిస్టర్లోంచి పోతుంది. "మీవోడే గట్టిగుండాలె" అనే సలహాలో ఉన్నది ఈ దారే. భారమంతా దెబ్బ తిన్నవాడి మీదే పెడుతుంది.

రెండోది వేరే బడి కట్టుకోవడం. 1888లో హైదరాబాద్‌లో పుట్టిన భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910లో ఇసామియా బజార్, లింగంపల్లిలలో దళిత పిల్లల కోసం తెలుగులో చదువు చెప్పే బడులు తెరిచాడు. తర్వాత అవి పాతిక దాకా పెరిగాయి. వాటిని మనం సాధారణంగా విద్యావ్యాప్తి కింద లెక్కేస్తాం. ఒక తల్లి కళ్ళతో చూస్తే అవి ఇంకొకటి కూడా: పిల్లవాడు ఎవరి పక్కన కూచున్నా ఎవరూ జరిగి కూచోని చోటు. నాలుగు అక్షరాలు రావడానికి ముందు ఆ భయం పోవాలి. ఈ దారి గొప్పదే. కానీ మిగతా బడులన్నీ ఎప్పట్లాగే ఉండిపోయాయి.

మూడోది దూరంగా పంపడం. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలన్నీ కలిపితే వెయ్యి దాకా ఉన్నాయి. మా బెల్టులో ఐదో తరగతిలో చేర్చడానికి గురుకులం ఎంట్రెన్స్ రాయించడం ఆనవాయితీ. చదువు కోసం, అన్నం కోసం, ఇంట్లో తాగుడు గొడవల నుంచి తప్పించడం కోసం, కొన్నిసార్లు ఈ బడిలో ఈ పిల్లల నుంచి తప్పించడం కోసం కూడా. గురుకులాలు వేల జీవితాలు మార్చాయి, అనుమానం లేదు. కానీ హాస్టల్లో పెద్ద క్లాసువాడు చిన్న క్లాసువాడి చేత బట్టలుతికిస్తే సాయంత్రం ఇంటికొచ్చి చెప్పుకునే వీలు లేదు. బడిలో ఏడిపిస్తే కనీసం రాత్రి అమ్మ పక్కన ఉంటుంది.

ఈ మూడు దారుల్లోనూ ఒక పోలిక ఉంది. పిల్లవాడు మారాలి, లేదా పిల్లవాడు కదలాలి. ఏడిపిస్తున్న క్లాసు, చూస్తూ ఊరుకున్న బడి ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిని కదిలించాలంటే చట్టం కావాలి. చట్టం వచ్చింది కూడా, కానీ అది వేరే పిల్లల కోసమన్నట్టుగా వచ్చింది.

చట్టం ఎవరి కోసం

1996 నవంబర్‌లో తమిళనాడు చిదంబరంలో, అన్నామలై విశ్వవిద్యాలయం వైద్య కళాశాలలో నవరసు అనే మొదటి ఏడాది విద్యార్థిని సీనియర్ ఒకడు చంపేశాడు. నవరసు తండ్రి పొన్నుసామి మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. దేశమంతా కదిలింది. ర్యాగింగ్‌ని నేరం చేస్తూ తమిళనాడు చట్టం తెచ్చింది. 1997లోనే ఆంధ్రప్రదేశ్ కూడా ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. తెలంగాణ వచ్చాక అది ఇక్కడా కొనసాగుతోంది. తర్వాత 2009లో హిమాచల్‌లోని ఒక వైద్య కళాశాలలో అమన్ కచ్రూ అనే విద్యార్థి సీనియర్ల దెబ్బలకి చనిపోయాడు. తండ్రి రాజేంద్ర కచ్రూ పట్టు వదల్లేదు. ఆ ఏడాదే యూజీసీ నిబంధనలు, హెల్ప్‌లైన్ వచ్చాయి.

రెండుసార్లూ కదిలించినది ఒక కొడుకు చావు, మాట చెల్లుబాటయ్యే ఒక తండ్రి. ఆ తండ్రుల దుఃఖాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. వాళ్ళు చేసిన పని వల్లే ఈరోజు ఏ కాలేజీలో చేరినా పిల్లల చేతా తల్లిదండ్రుల చేతా ర్యాగింగ్ వ్యతిరేక హామీపత్రం రాయించుకుంటున్నారు. నా మాటల్లా ఒకటే. ర్యాగింగ్ అంటే కాలేజీ, ముఖ్యంగా మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీ అన్న ముద్ర అప్పుడే పడిపోయింది. ఏడో తరగతి పిల్లవాడు ఆ బొమ్మలో లేడు.

తమాషా ఏమిటంటే, 1997 చట్టం అక్షరంలో వాడున్నాడు. ఆ చట్టం చెప్పే "విద్యాసంస్థ" అంటే కాలేజీ ఒక్కటే కాదు. పేరు ఏదైనా సరే, చదువు చెప్పే ఇతర సంస్థ కూడా. అనాథాశ్రమం, బోర్డింగ్, హాస్టల్, ట్యుటోరియల్ అన్నీ అందులోకి వస్తాయి. విద్యార్థికి అవమానం, చికాకు, భయం, బెదురు కలిగించే పనిని అది ర్యాగింగ్ అంటుంది. ఆటపట్టించి, ఇబ్బంది పెట్టి, అవమానిస్తే ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా. దెబ్బ, గాయం, చావు దాకా వెళ్ళేకొద్దీ శిక్ష పెరుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది: ఫిర్యాదు వస్తే సంస్థ అధిపతి వెంటనే విచారణ జరపాలి. నిర్లక్ష్యం చేస్తే ఆయన కూడా ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్క.

అయితే పన్నెండేళ్ళ పిల్లల్ని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళాలని నేను అనడం లేదు. అక్క కూడా అలా కోరుకోలేదు. "వాళ్ళు కూడ మన గల్లీ పోరలే" అంది. పద్దెనిమిది దాటని వాళ్ళని బాల న్యాయ చట్టం కింద చూడాలి, చూడటమే సరైనది కూడా. ఈ చట్టంలో మా అక్కలాంటివాళ్ళకి పనికొచ్చేది జైలు కాదు, హెడ్‌మాస్టర్ మీద పెట్టిన బాధ్యత. నోటిమాటగా చెప్తే "మామూలే" అనొచ్చు. కాగితం మీద, తేదీలతో, ఎవరు ఏమన్నారో రాసి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకుంటే అలా అనడం కష్టం. అక్క అదే చేసింది. కాగితం పెద్ద కొడుకు రాశాడు, సంతకం తనే పెట్టింది.

విద్యాహక్కు చట్టం సంగతి కూడా చెప్పాలి. 2009 నాటి ఆ చట్టం 17వ సెక్షన్ ఏ పిల్లవాడికీ శారీరక శిక్ష గానీ మానసిక వేధింపు గానీ ఉండకూడదంటుంది. చదివితే ప్రాణం లేచొస్తుంది. రెండో వాక్యానికి వచ్చేసరికి, ఉల్లంఘించినవారి మీద వారికి వర్తించే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య అని ఉంటుంది. అంటే అది బెత్తం పట్టుకున్న టీచర్ గురించి. సర్వీసు నిబంధనలు వర్తించని తోటి విద్యార్థి గురించి ఆ సెక్షన్‌కి పట్టలేదు. కులం పేరుతో దూషిస్తే అట్రాసిటీ చట్టం ఉంది. 2015లో సీబీఎస్‌ఈ తన బడుల్లో బుల్లీయింగ్ నిరోధక కమిటీలు వేయమని సర్క్యులర్ పంపింది. మా పిల్లలు ఎక్కువమంది చదివేది స్టేట్ సిలబస్ బడుల్లో. ఒక్కో చట్టం ఒక్కో గోడ. మధ్యలో సందులు. చిన్నోడు పడింది ఆ సందులోనే.

పేరు పెట్టిన ఒక తండ్రి

"దీన్ని ఏమని చెప్పాలె" అన్న అక్క ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతుంటే స్వీడన్‌లో ఒకాయన దొరికాడు. పీటర్-పాల్ హైనెమాన్. డాక్టరు, రేడియోలో కూడా మాట్లాడేవాడు. ఆయన దత్తత తీసుకున్న కొడుకు నల్లజాతి పిల్లవాడు. తోటి పిల్లలు ఆ బాబుని గుంపుగా వేధించడం తండ్రి చూశాడు. 1969లో దాని గురించి ఒక వ్యాసం రాస్తూ దానికి "మాబ్నింగ్" అనే మాట వాడాడు. పక్షులు గుంపు కట్టి ఒకే ప్రాణి మీద పడటం గురించి కొన్రాడ్ లోరెంజ్ రాసినదాంట్లోంచి తెచ్చుకున్న మాట అది. కాకుల్లా పొడవడం అని మనకీ ఒక మాటుంది. దాన్ని మనం లోకుల మాటలకి వాడాం గానీ బడికి వాడలేదు.

ఆ మాట దొరికాక స్వీడన్‌లో పరిస్థితి మారింది. తల్లిదండ్రులు బడికి వెళ్ళి చెప్పుకోవడానికి ఒక పేరు వచ్చింది. డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని పరిశోధన చేసి 1973లో పుస్తకం వేశాడు. ఆయన గీసిన గీత అక్క ప్రశ్నకి సూటిగా సరిపోతుంది. సమానుల మధ్య జరిగేది కొట్లాట. మళ్ళీ మళ్ళీ జరుగుతూ, కావాలని జరుగుతూ, తనని తను కాపాడుకోలేనివాడి మీద జరిగేది ఇది. 1982 చివర నార్వేలో ముగ్గురు మగపిల్లలు ఆత్మహత్య చేసుకున్నారు. బడిలో వేధింపులే కారణమని తేలింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం దేశమంతటా కార్యక్రమం మొదలుపెట్టింది. బెర్గెన్ నగరంలో 42 బడుల్లో, సుమారు 2500 మంది పిల్లలతో ఓల్వేయస్ చేసి చూపించాడు. ఆటల వేళ పెద్దవాళ్ళు మైదానంలో ఉండటం, క్లాసు మొత్తానికి నియమాలు, వారం వారం క్లాసులో మాట్లాడుకోవడం, ఇరువైపుల తల్లిదండ్రుల్నీ పిలవడం. పెద్ద యంత్రాంగమేమీ లేదు. వేధింపులు సగం దాకా తగ్గాయి.

జపాన్ కథ ఇంకా కష్టమైనది. 1985లో టోక్యోలో ఒక క్లాసు పిల్లలు బతికున్న తోటివాడికి ఉత్తుత్తి అంత్యక్రియలు చేశారు. వీడ్కోలు కార్డు మీద పిల్లలతోపాటు కొందరు టీచర్లు కూడా సంతకాలు పెట్టారు, ఆటే కదా అని. ఆ పిల్లవాడు ఆత్మహత్య చేసుకున్నాడు. ఆటే కదా అన్నది జపాన్‌వాళ్ళ "మామూలే కదమ్మా". 2011లో ఓత్సు నగరంలో పదమూడేళ్ళ పిల్లవాడు చనిపోయినప్పుడు బడీ, విద్యామండలీ విషయాన్ని సరిగ్గా విచారించలేదని దేశం మండిపడింది. 2013లో చట్టం వచ్చింది. అందులో నాకు నచ్చినది నిర్వచనం. చేసినవాడి ఉద్దేశం ఏమిటన్న చోట అది మొదలవదు. తోటివాళ్ళ చేత పడ్డ పిల్లవాడికి బాధ కలిగిందా లేదా అన్న చోట మొదలవుతుంది. "సరదాకి అన్నాం సార్" అనే మాట అక్కడితో ఆగిపోతుంది. ప్రతి బడిలోనూ దీని కోసం ఒక బృందం ఉండాలని కూడా ఆ చట్టం చెప్పింది.

గని తెలిసినంత

అక్కడంటే డబ్బున్న దేశాలు, మన దగ్గర ఎలా కుదురుతుంది అనొచ్చు. సమాధానం కోసం నార్వే దాకా వెళ్ళక్కర్లేదు. నస్పూర్ బడి గేటు దాటితే అక్కడే ఉన్న గనిలో చూడొచ్చు.

గని పని ప్రమాదకరమైనది. కప్పు కూలడం, గ్యాస్, నీళ్ళు. ఒకప్పుడు అవీ మామూలే. బావిలోకి దిగినవాడు పైకొస్తే అదృష్టం అనుకునేవాళ్ళు. ఆ "మామూలే"ని కార్మికులూ, యూనియన్లూ, చట్టాలూ కొంచెం కొంచెంగా విరిచాయి. 1952 గనుల చట్టం ప్రమాదం జరిగితే కబురు పంపాలంది, విచారణ ఉండాలంది. ఎవరికీ దెబ్బ తగలకపోయినా కొన్ని రకాల ప్రమాదకర ఘటనల్ని తెలియజేయాల్సిందే. వంద మందికి పైగా పనిచేసే గనిలో సేఫ్టీ కమిటీ ఉండాలి, అందులో కార్మికులుండాలి. ఇన్ని ఉన్నా ప్రమాదాలు ఆగలేదు. 2003లో గోదావరిఖని 7-ఎల్‌ఈపీ గనిలో నీళ్ళు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. కానీ అప్పుడు ఎవరూ "గని అన్నాక మామూలే" అనలేదు. ఎవరు ఏం చూడలేదు, ఎవరికి ముందే తెలుసు అని అడిగారు.

మా బావ చెప్పేవాడు, పనిలోకి దిగగానే ముందు రాడ్‌తో కప్పు కొట్టి చూస్తారని. గట్టిగా మోగితే సరే. గుల్లగా మోగిందంటే లోపల బండ విడిపోతోందని అర్థం. ఏమీ కూలకముందే ఆ చోటు ఖాళీ చేయిస్తారు, దిమ్మెలు పెడతారు. పిల్లవాడి సోమవారం కడుపునొప్పి, చిరిగిన పుస్తకం అట్ట, తిని రాని టిఫిన్ డబ్బా, ఆటల పీరియడ్‌లో ఒక్కడే నిలబడటం అలాంటి గుల్ల చప్పుళ్ళే. తల్లికి వినిపిస్తాయి. బడిలో వాటిని రాసుకునే రిజిస్టర్ లేదు.

వంద మంది పనిచేసే గనికి సేఫ్టీ కమిటీ ఉన్నప్పుడు నాలుగు వందల మంది పిల్లలు చదివే బడికి ఎందుకు ఉండకూడదు? అందులో ఇద్దరు టీచర్లు, ఇద్దరు తల్లులు, షిఫ్టు లేని రోజు రాగలిగే ఒక తండ్రి, పై తరగతుల నుంచి ఇద్దరు పిల్లలు. నెలకోసారి కూచోవాలి. ఎవరికీ దెబ్బ తగలకపోయినా వచ్చిన ప్రతి ఫిర్యాదునీ తేదీ వేసి రాయాలి. ఏడిపించిన పిల్లవాడి ఇంటికి కూడా వెళ్ళి మాట్లాడాలి, ఎందుకంటే వాడి ఇంట్లోనూ ఏదో గుల్లగా మోగుతూ ఉండొచ్చు. ఇందులో ఖర్చు ఒక నోట్‌బుక్. పిల్లలు తామే ఫోన్ చేసి చెప్పుకోగలిగిన నంబరు 1098, గేటు దగ్గర పెద్దక్షరాలతో రాసి పెడితే ఇంకో డబ్బా పెయింటు.

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో తల్లిదండ్రులతో యాజమాన్య కమిటీలు ఎలాగూ ఉండాలి. వాటి సమావేశాల్లో మధ్యాహ్న భోజనం గురించి, మరుగుదొడ్ల గురించి మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. ఈ ఒక్క సంగతి కూడా ఆ ఎజెండాలో రాయించగలిగితే అదే సేఫ్టీ కమిటీ అవుతుంది. నస్పూర్‌లో యూనియన్ మీటింగుల్లో కూచున్నవాళ్ళు ఇంటికి ఇద్దరున్నారు. మినిట్స్ రాయించడం, అందినట్టు సంతకం తీసుకోవడం, వాయిదా వేస్తే మళ్ళీ లేచి అడగడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. గని గేటు దగ్గర చేసిన పనినే ఈసారి బడి గేటు దగ్గర చేయాలి.